‘కొట్టెయ్’ తెలిసినవాళ్లకి ‘కాల్ ఆఫ్’ ఎందుకు రాదు?

నా మొదటి ఉద్యోగం మాదాపూర్‌లో. చేరి నెల కూడా కాలేదు. ఒక మంగళవారం అవతలి దేశం నుంచి మా మేనేజర్ ఫోన్ చేసి, పని గురించి మాట్లాడి, చివర్లో గురువారం మీటింగు మాటెత్తి ‘వియ్ కాల్డిటాఫ్’ అన్నారు. నా చెవికి అందులో ‘కాల్’ ఒక్కటే అందింది. గురువారం ఫోన్లో మీటింగన్నమాట అనుకుని, ‘గురు. సా. 7 – కాల్’ అని నోటుపుస్తకంలో రాసుకున్నాను.

ఆ గురువారమే ఊరి నుంచి అమ్మ వస్తోంది. ఇమ్లీబన్ బస్టాండుకి నేనే వెళ్లి తీసుకురావాలి. కాల్ ఉందని తమ్ముణ్ణి పంపాను. రెండు పేజీల లెక్కలు ముందు పెట్టుకుని ఏడింటికి లైన్లో కూర్చుంటే, నలభై నిమిషాలు ఫోన్లో సంగీతం తప్ప ఇంకేమీ వినపడలేదు. ఎవరూ రాలేదు. మర్నాడు పక్కసీటాయన చెప్పారు: ఆ మీటింగు రద్దయిందని మంగళవారమే చెప్పారట కదా అని.

డిగ్రీలో ఇంగ్లీషుకి నాకు మంచి మార్కులే వచ్చాయి. ‘కాల్’ తెలుసు. ‘ఆఫ్’ తెలుసు. ఆ రెండూ ఒకచోట చేరితే ఏమవుతుందో పదిహేనేళ్ల చదువులో ఎవరూ చెప్పలేదు. ‘క్యాన్సిల్’ అని ఉంటే మా అమ్మక్కూడా అర్థమయ్యేది.

ఇలాంటి జంటల్ని వ్యాకరణ పుస్తకాలు ఫ్రేజల్ వర్బులంటాయి. ముందొక క్రియ, దాని వెనక తోకలాగా అప్, అవుట్, ఆఫ్, ఆన్, డౌన్, బ్యాక్ లాంటి చిన్న మాట ఒకటో రెండో ఉంటాయి. ‘గివ్’ అంటే ఇవ్వడం. ‘గివ్ అప్’ అంటే చేతులెత్తేయడం. ‘గివ్ ఇన్’ అంటే లొంగిపోవడం. ‘గివ్ అవే’ అంటే ఉచితంగా ఇచ్చేయడం, గుట్టు బయటపెట్టడం కూడా. పరభాషల వాళ్లకి ఇంగ్లీషులో అన్నిటికన్నా కష్టమైనది ఇదేనని శామ్యూల్ జాన్సన్ 1755 నాటి తన నిఘంటువు ముందుమాటలోనే రాశారు. ఆయన ఇచ్చిన ఉదాహరణల్లో ‘టేక్ ఆఫ్’ కూడా ఉంది. విమానాలు లేని ఆ రోజుల్లో దానికి ఆయన చెప్పిన అర్థం అనుకరించడం. ఇవాళ విమానం లేచినా, గుమ్మం ముందు చెప్పులు విప్పినా, ఒకరోజు సెలవు పెట్టినా, కొత్త వ్యాపారం పుంజుకున్నా అన్నిటికీ టేక్ ఆఫే. ఇంత వాడుకలో ఉన్న ఈ జాతికి పేరు మాత్రం చాలా ఆలస్యంగా వచ్చింది. లోగన్ పియర్సల్ స్మిత్ 1925లో తెచ్చిన పుస్తకంతో ‘ఫ్రేజల్ వర్బ్’ అన్న మాట స్థిరపడింది. అది ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు సంపాదకుడు హెన్రీ బ్రాడ్లీ తనకి సూచించిన పేరని స్మిత్ చెప్పుకున్నారు.

గ్రాంథికంలో ఆగిపోయిన ఇంగ్లీషు

నా బాధ ఇది. మన బళ్లలో నేర్పే ఇంగ్లీషు ఇంకా గ్రాంథికమే.

ఇరవయ్యో శతాబ్దం మొదట్లో జె.ఏ. యేట్స్ అనే ఇంగ్లీషాయన ఉత్తర జిల్లాల బళ్లకి తనిఖీ అధికారిగా వచ్చి తెలుగు నేర్చుకోబోయారు. పుస్తకంలో ఉన్న తెలుగు ఒకటి, వీధిలో జనం మాట్లాడే తెలుగు ఇంకొకటి. ఎందుకిలా అని ఆయన వేసిన ప్రశ్న గిడుగు రామమూర్తి దగ్గరికీ గురజాడ అప్పారావు దగ్గరికీ చేరింది. గిడుగు పర్లాకిమిడిలో పంతులు. ఆ తర్వాత జీవితమంతా వాడుక తెలుగు కోసమే పోరాడారు. ఆయన పుట్టిన ఆగస్టు 29నే మనం తెలుగు భాషా దినోత్సవం జరుపుకుంటున్నాం. ఇప్పుడు ఆ యేట్స్ కూర్చున్న చోట మనమున్నాం. పుస్తకంలో మనకి నేర్పిన మాటలు టాలరేట్, పోస్ట్‌పోన్, ఇన్వెస్టిగేట్, ఎక్స్‌టింగ్విష్. ఇంగ్లీషువాళ్ల వంటింట్లో, బస్సులో, ఆఫీసు వరండాలో వినపడేవి పుట్ అప్ విత్, పుట్ ఆఫ్, లుక్ ఇన్‌టు, పుట్ అవుట్.

ఈ చీలిక వెనక చరిత్ర ఉంది. 1066లో నార్మన్లు ఇంగ్లండుని గెలిచాక దర్బారులోకి, కోర్టులోకి ఫ్రెంచి వచ్చింది. చర్చిలో, చదువుల్లో లాటిన్ అప్పటికే ఉంది. పెద్ద మాటలు చాలావరకు ఆ రెండు దారుల్లోనే వచ్చాయి. పొలంలో, పొయ్యి దగ్గర మాత్రం పుట్, గెట్, కమ్, గో లాంటి పొట్టి క్రియలే నిలిచి, చిన్న మాటల్ని తోకలుగా తగిలించుకుని వందల అర్థాలు మోశాయి. తత్సమాలకీ అచ్చతెలుగుకీ మన దగ్గరున్న తేడా లాంటిదే ఇదీ. ‘సహించాను’ అని ఉపన్యాసంలో అంటాం. ఇంట్లో ‘ఓర్చుకున్నాను’ అంటాం. ఇంట్లో కూడా సహించాను, అన్వేషించాను, భక్షించాను అనే మనిషి ఎదురైతే మర్యాదగానే వింటాం గానీ దగ్గరివాడిలా అనిపించడు. మన పిల్లల ఇంగ్లీషు విన్న పరాయి సహోద్యోగికి కలిగేదీ ఆ దూరమే. తప్పులేమీ ఉండవు, చనువూ ఉండదు.

పెద్ద మాటలు దండగని నేను అనను. దరఖాస్తుకి, తీర్పుకి, శాస్త్ర వ్యాసానికి అవే కావాలి. విమానాల నిర్వహణ పుస్తకాల కోసం తయారుచేసిన సరళ సాంకేతిక ఇంగ్లీషు నియమాలైతే ఫ్రేజల్ వర్బులు వాడొద్దనే చెబుతాయి. ఒక మెకానిక్ ఒక అర్థం, ఇంకో మెకానిక్ ఇంకో అర్థం తీసుకుంటే ప్రాణాల మీదికొస్తుంది కాబట్టి. కానీ మనిషితో మనిషి మాట్లాడేటప్పుడు ఆ నియమం ఎవరూ పాటించరు. ఆసుపత్రిలో చూడండి. బ్రిటన్‌లోనో అమెరికాలోనో పనిచేసే మన డాక్టర్ల దగ్గరికి, నర్సుల దగ్గరికి వచ్చే రోగి ‘వామిట్’ అనకుండా ‘త్రూ అప్’ అంటాడు. స్పృహ తప్పితే ‘పాస్డ్ అవుట్’, తెలివొస్తే ‘కేమ్ రౌండ్’, వాపు తగ్గితే ‘వెంట్ డౌన్’, మత్తు దిగుతుంటే ‘వేరింగ్ ఆఫ్’. నొప్పిలో ఉన్న మనిషి చిన్న మాటలే మాట్లాడతాడు. వైద్యం పుస్తకాలన్నీ ఇంగ్లీషులో చదివినవాళ్లకీ ఆ చిన్న మాటలే కొత్త.

మన నాలుక మీద ఉన్నదే

అమీర్‌పేటలో కోచింగ్ సెంటర్ల మధ్య జిరాక్సు షాపుల్లో ‘500 ఫ్రేజల్ వర్బులు’ అని అట్ట మీద రాసిన పుస్తకాలు దొరికేవి. నేనూ ఒకటి కొన్నాను. ఎడమవైపు ఇంగ్లీషు, కుడివైపు తెలుగు, అక్షర క్రమంలో. ‘బ్రేక్’ దగ్గరే బ్రేక్ డౌన్, బ్రేక్ ఇన్, బ్రేక్ అవుట్, బ్రేక్ అప్, బ్రేక్ ఆఫ్ అని వరసగా ఐదు. పొద్దున చదివితే సాయంత్రానికి ఐదూ కలిసిపోయేవి. ఒకదాన్నొకటి పోలినవాటిని ఒకేసారి బట్టీపడితే జరిగేది అదే.

దారి దొరికింది మా ఇంట్లోనే. అక్క తన కొడుక్కి పెరుగన్నం పెడుతోంది. వాడు రెండు ముద్దలు తిని ఆటలో పడ్డాడు. మొదట ‘తిను నాన్నా’ అంది. తర్వాత, గిన్నెలో కాస్త మిగిలి ఉండగా, ‘తినెయ్ నాన్నా’ అంది. ఆ రెండిటికీ తేడా వాడికి తెలుసు, మనకీ తెలుసు. ‘తిను’ అంటే తినడం. ‘తినెయ్’ అంటే గిన్నె ఖాళీ అవ్వాలి. ఇంగ్లీషు తల్లి మొదట ‘ఈట్’ అంటుంది, ఆ తర్వాత ‘ఈట్ అప్’ అంటుంది. ‘డ్రింక్ అప్’ అంటే తాగెయ్. ‘యూజ్ అప్’ అంటే వాడెయ్. ‘వెయ్యి’ అనే క్రియ తన సొంత అర్థం వదులుకుని, పని పూర్తి కావాలని మాత్రం చెబుతూ మన క్రియకి తోకయింది. అక్కడ ఆ కొలువు ‘అప్’ది.

మనం క్రియకి క్రియనే తోకగా తగిలిస్తాం. పో, వెయ్యి, పెట్టు, కొను, పడు. పిల్లాణ్ణి ‘చూడు’ అంటే కంటితో చూడమని. ‘చూసుకో’ అంటే అన్నం పెట్టి, పడకుండా పట్టుకుని, నిద్రపుచ్చమని. ఇంగ్లీషులోనూ ‘లుక్ ఎట్’ కంటి పని, ‘లుక్ ఆఫ్టర్’ మనసు పని. చూడడం నుంచే సాకడం పుట్టించాయి రెండు భాషలూ. ఇది గమనించిన రోజు నాకు నిద్ర పట్టలేదు. అలాగే వెతికాను. తక్కువగా చూస్తే మనకి ‘చిన్నచూపు’, వాళ్లకి ‘లుక్ డౌన్ ఆన్’. రాబోయేదాని కోసం మనం ‘ఎదురుచూస్తాం’, వాళ్లు ‘లుక్ ఫార్వర్డ్ టు’. (దీని తర్వాత ‘మీట్’ రాదు, ‘మీటింగ్’ రావాలి. మన ఈమెయిళ్లలో రోజూ దొర్లే తప్పు కాబట్టి ఇక్కడే చెబుతున్నాను.)

‘కొట్టెయ్’ చూడండి. చెట్టు కొట్టేశారు. కోర్టులో కేసు కొట్టేశారు. బస్సులో పర్సు కొట్టేశారు. జాబితాలోంచి పేరు కొట్టేశారు. మా చెల్లెలు మొదటి ర్యాంకు కొట్టేసింది. ఐదింటిలో ఒక్కదాంట్లోనే నిజంగా దెబ్బ పడింది, అదీ చెట్టుకి. ఈ ఐదూ మనకి ఎవరైనా పట్టిక వేసి నేర్పారా? చెట్టు దగ్గర ఒకటి విన్నాం, బస్సులో ఒకటి విన్నాం. ఇంగ్లీషు అదే ఐదు చోట్ల ఐదు మాటలు వాడుతుంది: కట్ డౌన్, త్రో అవుట్, మేక్ ఆఫ్ విత్, క్రాస్ ఆఫ్, వాక్ ఆఫ్ విత్. పక్కపక్కన పెట్టి చూస్తే ఏది ఎక్కువ కష్టమో నేను చెప్పలేను.

మూడు ముక్కల ‘పుట్ అప్ విత్’ చూసి భయపడే అమ్మాయికి ‘సర్దుకుపో’ గుర్తుచేస్తాను. సర్దు, కొను, పో. అవీ మూడే. విడివిడిగా చూస్తే ఏ ముక్కలోనూ భరించడమన్న అర్థం లేదు. పెళ్లైన ప్రతి ఆడపిల్లా మాత్రం ఆ మాటకి అర్థం తప్పకుండా తెలుసుకుంటుంది. ‘నాలుగు రాళ్లు వెనకేశాడు’ అంటే డబ్బు దాచాడని, ‘పుట్ బై’. అదే ‘వెనకేసు’కి ఇంకొంచెం తోక పెంచి ‘కొడుకుని వెనకేసుకొస్తుంది’ అంటే డబ్బు ఊసే లేదు, ‘స్టాండ్స్ అప్ ఫర్’. ఇంత మెలికలున్న భాషని మూడేళ్లకే మాట్లాడిన మనకి ‘స్టాండ్ అప్ ఫర్’ అందకపోవడమేమిటి!

తేడాలూ ఉన్నాయి. వాటిని దాచితే నేర్చుకునేవాళ్లకే నష్టం. మనం ‘పో’ ఒక్కదానితో నెట్టుకొచ్చే చోట ఇంగ్లీషుకి మూడు తోకలు కావాలి. దీపం ఆరిపోయింది, ‘వెంట్ అవుట్’. చెరువు ఎండిపోయింది, ‘డ్రైడ్ అప్’. ఇల్లు కాలిపోయింది, ‘బర్న్‌ట్ డౌన్’. పాలు అయిపోయాయి, ‘ర్యాన్ అవుట్’. ఒక్కో తోకలో ఒక్కో బొమ్మ ఉంది. కాలిన ఇల్లు నేలకూలుతుంది కాబట్టి డౌన్. వెలుగు మన ఎదుట నుంచి వెళ్లిపోతుంది కాబట్టి అవుట్. ఎండిన చెరువులో నీరంతా పూర్తయింది కాబట్టి పెరుగన్నం గిన్నె దగ్గరి ‘అప్’. ప్రతి తోకకీ ఇలా బొమ్మ దొరకదు. దొరికిన చోట వదలకూడదు.

మనకి ఇలాంటి నిర్మాణం ఉందన్నంత మాత్రాన ఆ మాటలు వాటంతటవే నోటికి రావు. 1985లో డగట్, లాఫర్ అనే పరిశోధకులు హీబ్రూ మాతృభాషగా ఉన్నవాళ్లని పరీక్షిస్తే, ఫ్రేజల్ వర్బు వాడాల్సిన చోట్ల తప్పించుకుని ఒంటిమాటలు ఎంచుకున్నారు. వాళ్ల భాషలో ఈ నిర్మాణం లేకపోవడమే కారణమని ఆ పరిశోధకులు అనుకున్నారు. 1989లో డచ్చివాళ్ల మీద చేసిన ఇంకో పరిశీలనలో, ఈ నిర్మాణం సొంత భాషలోనే ఉన్న ఆ జనం కూడా కొన్నిటిని తప్పించారని తేలింది. తమ భాషకి మరీ దగ్గరగా ఉన్నవి చూసి ఇది ఇంగ్లీషు అయ్యుండదని అనుమానించారు. నేను చూసిన మన పిల్లల్లోనూ ఆ అనుమానం ఉంది. ‘పైకొచ్చాడు’కి దగ్గరైన ‘కమ్ అప్ ఇన్ ది వరల్డ్’ అనడానికి జంకుతారు, తెలుగుని మక్కీకి మక్కీ దించామేమో అని.

చెవి, నోరు, ఒక నోటుపుస్తకం

ముందు చెవి. ‘పిక్ ఇట్ అప్’ అని మూడు మాటలు కాగితం మీద ఉంటాయి. నోట్లోంచి వచ్చేది ‘పికిటప్’. అమెరికన్ నోట ‘పికిడప్’. ‘టర్న్ ఇట్ ఆఫ్’ అన్నది ‘టర్నిటాఫ్’, ‘గివ్ ఇట్ అప్’ అన్నది ‘గివిటప్’. నాకు ఆ రోజు ‘కాల్డిటాఫ్’లో ‘ఆఫ్’ దొరక్కపోవడానికి కారణం ఇదే. మూడు మాటల కోసం చూశాను, ఒక్కటే వచ్చింది. కానీ ఇది మనకి కొత్త కావలసిన పని లేదు. ఏమి, అంటే కలిపి ఏమంటే అనే జాతి మనది. హల్లు మీద అచ్చు వచ్చి కూర్చోవడం మన సంధి. ‘ట’ మెత్తబడి ‘డ’ అవుతుందంటే గసడదవాదేశం చదివినవాళ్లు ఆశ్చర్యపోరు. అందుకే కొత్త ఫ్రేజల్ వర్బు విన్నప్పుడు దాన్ని విన్నది విన్నట్టు తెలుగు లిపిలో, కలిపి, ఒకే మాటగా రాసుకోమంటాను. మన లిపి ఆ శబ్దాన్ని చక్కగా పట్టుకుంటుంది.

తర్వాత, మనం ఇప్పటికే వాడుతున్నవాటిని నామవాచకం స్థానం నుంచి కదపాలి. చెకప్, మేకప్, పికప్, బ్యాకప్, లాకప్, బ్రేకప్, టేకాఫ్, టర్నోవర్. సినిమా గెటప్పు, కూడలిలో కటౌటు, మిత్రుడిచ్చే బిల్డప్పు. ఇవన్నీ తెలుగు మాటలే ఇప్పుడు. వీటిని క్రియలుగా వాడి చూడండి. ‘మేకప్’ అని ముందు భాగాన్ని ఒత్తి పలికితే ముఖానికేసుకునేది. ‘మేక్ అప్’ అని తోకని ఒత్తితే కథ కల్పించడం, లేదా గొడవపడ్డాక కలిసిపోవడం. ఒత్తు మారితే మాట జాతే మారుతుంది. ఆన్, ఆఫ్‌లని మనం నేరుగా ‘చెయ్యి’తో కలిపేసుకున్నాం, మోటారు ఆన్ చెయ్యి, లైటు ఆఫ్ చెయ్యి అని. అక్కడ ‘టర్న్’ ఒక్కటి చేరిస్తే సరి.

స్థానాల పట్టింపు ఒకటుంది. ‘టర్న్ ఆఫ్ ది లైట్’ అనొచ్చు, ‘టర్న్ ది లైట్ ఆఫ్’ అనొచ్చు. లైటు బదులు ‘ఇట్’ వస్తే మాత్రం నడుమనే కూర్చోవాలి, ‘టర్నిటాఫ్’. ‘లుక్ ఆఫ్టర్’ లాంటివి ఎవరినీ మధ్యలోకి రానివ్వవు. దీన్ని సూత్రంగా కన్నా చెవితో పట్టుకోవడం తేలిక. ‘టర్న్ ఆఫ్ ఇట్’ అని నాలుగుసార్లు పైకి అని చూడండి, కాలికి రాయి తగిలినట్టుంటుంది.

మూడోది నోటుపుస్తకం. నేను అక్షర క్రమం మానేసి రోజుని రాయడం మొదలుపెట్టాను. పొద్దున లేచాను, గాట్ అప్. చొక్కా వేసుకున్నాను, పుట్ ఆన్. బస్సెక్కాను, గాట్ ఆన్. దిగాను, గాట్ ఆఫ్. ఆటో ఎక్కాను దగ్గర ఆగిపోయాను. మనకి బస్సైనా ఆటో అయినా ఎక్కడమే. వాళ్లకి లోపల నిలబడి నడవగలిగే బస్సు, రైలు, విమానమైతే ‘ఆన్’, వంగి దూరి కూర్చునే కారు, ఆటో అయితే ‘ఇన్’. ఇలా రోజుకి పది వాక్యాలు, పడుకునే ముందు పైకి చదవడం. ఆర్నెల్లకి నా పుస్తకంలో చేరినవి నూటయాభై దాకా ఉండొచ్చు. కానీ అవన్నీ నావి. ఒక్కోదాని వెనక ఒక బస్సో, ఒక వానో, ఒక మనిషో ఉన్నారు.

నూటయాభై చాలా అంటే, చాలావరకు చాలు. 10 కోట్ల పదాల బ్రిటిష్ నేషనల్ కార్పస్‌ని డీ గార్డ్‌నర్, మార్క్ డేవిస్ జల్లెడ పట్టి 2007లో తేల్చింది ఏమిటంటే, బాగా వాడే వంద ఫ్రేజల్ వర్బులే మొత్తం వాడకంలో సగానికి పైగా ఉన్నాయి. సగటున ప్రతి 150 మాటలకీ ఒకటి ఎదురవుతుంది. చిక్కల్లా అర్థాలతోనే. ఆ వందకీ నిఘంటువులో సగటున ఐదారేసి అర్థాలున్నాయి. 2015లో గార్నియే, ష్మిట్ అనేవాళ్లు 150 మాటలు తీసుకుని, నిజంగా జనం వాడే అర్థాలే లెక్కేస్తే 288 తేలాయి. అంటే మాటకి రెండు కూడా లేవు. అమీర్‌పేట పుస్తకంలోని 500 చూసి బెంబేలెత్తిన ఆ రోజుల్లో ఈ లెక్క ఎవరైనా చెప్పి ఉంటే ఎంత బాగుండేదో.

మనదేశంలోనే తయారైనవి కొన్ని ఉన్నాయి, వాటి విషయంలో మెలకువగా ఉండాలి. సర్కారీ ఆఫీసులో ‘ఫైలు పుటప్ చేశాను’ అంటే పై అధికారి ముందు పెట్టానని. మన ఆఫీసుల్లో అది చక్కటి మాట, వదులుకోవక్కర్లేదు. ‘కోప్ అప్ విత్’లో ‘అప్’ మాత్రం అదనం, ‘కోప్ విత్’ చాలు. ‘రిటర్న్ బ్యాక్’లో ‘బ్యాక్’ అదనం. అన్నిటికన్నా ముఖ్యం ‘పాస్ అవుట్’. 2016లో డిగ్రీ పూర్తయిందని చెప్పడానికి మన పిల్లలు బయోడేటాలో ‘పాస్డ్ అవుట్ ఇన్ 2016’ అని రాస్తారు. అమెరికాలో అది చదివేవాళ్లకి తోచేది స్పృహ తప్పి పడిపోయావని. ‘గ్రాడ్యుయేటెడ్’ అని రాయండి. పెద్ద మాటే సరైన చోటు ఇది.

పోయిన ఏడాది అమ్మ టెక్సాస్‌లో చెల్లెలింట్లో మూడు నెలలుంది. చెల్లెలి కొడుక్కి ఏడేళ్లు. తెలుగు అర్థమవుతుంది, మాట్లాడడం కొంచెం తడబాటు. ఫ్రిజ్ తలుపు మీద కొనాల్సిన సరుకుల చీటీ అంటించి ఉంది. బజారు నుంచి సంచులు దింపుతూ అమ్మ అంది, ‘పాలు తెచ్చేశాం నాన్నా, కొట్టెయ్’ అని. వాడు చెయ్యి ఎత్తి, పాల డబ్బా వంకా అమ్మ వంకా చూస్తూ నిలబడిపోయాడు.

‘కొట్టడమా అమ్మమ్మా? దేన్ని?’

అమ్మ పెన్ను తీసుకుని చీటీ మీద ‘పాలు’ అన్న మాట పైన అడ్డంగా గీత గీసింది. వాడి ముఖం విప్పారింది.

‘ఓ! క్రాసిటాఫ్!’ అన్నాడు. అని, పెన్ను లాక్కుని, ఉల్లిపాయల్ని కూడా కొట్టేశాడు.